కాంపాక్ట్ కెమెరానా, డీఎస్‌ఎల్‌ఆరా? తేల్చేది లెన్సే

సెల్‌ఫోన్ల ధాటికి చిన్న డిజిటల్ కెమెరాలు కనుమరుగైపోయాయని అందరూ అనుకుంటున్న సమయంలో అవి మళ్లీ దుకాణాల అద్దాల అరల్లోకి చేరుతున్నాయి. మరోవైపు వృత్తి ఛాయాచిత్రకారులు మిర్రర్‌లెస్ కెమెరాలకు మారిపోతుండటంతో, వారు వాడి విడిచిన డీఎస్‌ఎల్‌ఆర్‌లు సెకండ్‌హ్యాండ్ మార్కెట్‌లో విరివిగా లభిస్తున్నాయి. దీంతో పదిహేనేళ్ల కిందట ప్రతి కొనుగోలుదారునీ వేధించిన ప్రశ్న తిరిగి ముందుకొచ్చింది. జేబులో ఇమిడే కెమెరా తీసుకోవాలా, మెడలో వేలాడే పెద్ద కెమెరా తీసుకోవాలా?

ఈ మధ్యకాలంలో విపణి ఎంతగా కుంచించుకుపోయిందో జపాన్ కెమెరా తయారీదారుల సంఘం సీఐపీఏ గణాంకాలు చెబుతాయి. 2010లో ఆ సంఘంలోని సంస్థలు ప్రపంచవ్యాప్తంగా 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలను సరఫరా చేశాయి. వాటిలో అత్యధికం కాంపాక్ట్‌లే. 2023 నాటికి అన్ని రకాలూ కలిపి సరఫరా 80 లక్షలకు లోపే. ఫోన్ చేయగలిగిన పనినే చేసే చౌక కాంపాక్ట్‌లు దాదాపుగా అంతరించాయి. ఫోన్ చేయలేని పనిని ఏదో ఒకదాన్ని చేసేవి మాత్రమే నిలిచాయి.

మధ్యతరగతి కుటుంబానికి కెమెరా చిన్న ఖర్చు కాదు. పిల్ల మొదటి పుట్టినరోజుకో, ఇంట్లో పెళ్లికో, రిటైర్మెంట్ తర్వాత తలపెట్టిన యాత్రకో ఆశపడి పెద్ద కెమెరా కొంటారు. నాలుగు వేడుకల తర్వాత చూసుకుంటే బంధువుల ఫోన్లలోని ఫొటోలే బాగున్నాయనిపిస్తుంది. ఆ తర్వాత కెమెరా సంచీతో సహా బీరువా పై అరకు చేరుతుంది. ఈ నిరాశకు మూలం చాలా సందర్భాల్లో కెమెరాలో ఉండదు; దానితో పాటు పెట్టెలో వచ్చిన లెన్స్‌లో ఉంటుంది. ఈ సంగతిని కొనుగోలుకు ముందే వివరించే దుకాణదారులు అరుదు.

అద్దం చేసే పని

రెండింటి నిర్మాణంలోని తేడా ఆ పేరులోనే ఉంది. డిజిటల్ సింగిల్ లెన్స్ రిఫ్లెక్స్ అన్న పేరులో రిఫ్లెక్స్ అంటే ప్రతిఫలనం. లెన్స్‌లోంచి వచ్చిన కాంతిని 45 డిగ్రీల కోణంలో నిలిపిన అద్దం పైకి మళ్లిస్తుంది. పైనున్న పట్టకం దాన్ని తిన్నగా చేసి కంటికి చేరుస్తుంది. మీట నొక్కగానే అద్దం పైకి లేస్తుంది, షట్టర్ తెరుచుకుంటుంది, కాంతి సెన్సార్‌పై పడుతుంది. చప్పుడు వినిపించేది అప్పుడే. కాంపాక్ట్‌లో అద్దం ఉండదు. కాంతి ఎల్లవేళలా సెన్సార్‌పైనే పడుతూ, ఆ దృశ్యం వెనకనున్న తెరపై కనిపిస్తుంది.

కొడాక్ ఇంజినీరు స్టీవెన్ సాసన్ 1975లో రూపొందించిన తొలి డిజిటల్ కెమెరా ఒక్క చిత్రాన్ని క్యాసెట్‌పై నమోదు చేయడానికి 23 సెకన్లు తీసుకుంది. 1999లో వచ్చిన నికాన్ డీ1 పత్రికా ఛాయాచిత్రకారుల చేతుల్లోకి డిజిటల్‌ను తెచ్చింది. 2003లో కెనాన్ ఈఓఎస్ 300డీ వెయ్యి డాలర్ల లోపు ధరకు రావడంతో డీఎస్‌ఎల్‌ఆర్ సామాన్య గృహస్థుకూ చేరువైంది. నిజానికి ఆ రోజుల్లో డీఎస్‌ఎల్‌ఆర్ కొనడానికి నాణ్యత కన్నా వేగమే పెద్ద కారణం. అద్దం వెనక మరో చిన్న అద్దం కొంత కాంతిని కెమెరా అడుగునున్న ఫోకస్ పరికరానికి పంపుతుంది. లెన్స్ ఎటువైపు, ఎంత కదలాలో ఆ పరికరం ఒక్కసారిగా లెక్కగట్టేస్తుంది. నాటి కాంపాక్ట్‌లు లెన్స్‌ను ముందుకూ వెనక్కూ కదుపుతూ, స్పష్టత పెరిగిందా తగ్గిందా అని వెతుక్కునేవి. పరుగెత్తే పిల్లవాడిని తీయబోతే, మీట నొక్కాక వాడు ఫ్రేములోంచి వెళ్లిపోయిన తర్వాత ఫొటో పడేది. నేటి మేలురకం కాంపాక్ట్‌లలో సెన్సార్ మీదే ఫోకస్ లెక్క జరుగుతోంది కనుక ఆ లోపం చాలావరకు తొలగింది. పాత కాంపాక్ట్‌ను సెకండ్‌హ్యాండ్‌లో తీసుకునేవారికి మాత్రం ఆ బాధ నేటికీ తప్పదు.

చీకటి గది ఎంత పెద్దది?

లాటిన్‌లో కెమెరా అంటే గది. చీకటి గదిలోకి సన్నని రంధ్రం గుండా వచ్చే కాంతి ఎదుటి గోడపై బొమ్మ కట్టడం నుంచి ఆ పేరు వచ్చింది. డిజిటల్ కెమెరాలో ఆ గోడే సెన్సార్. గోడ ఎంత పెద్దదైతే దానిపై అంత ఎక్కువ కాంతి పోగవుతుంది. హైదరాబాద్ ఆరో నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్ దయాళ్ 19వ శతాబ్దిలో పెద్ద గాజు పలకలపై తీసిన చిత్రాల్లో దుస్తుల అల్లికలు సైతం కనిపిస్తాయంటే, ఆ పలకల వైశాల్యానిదీ అందులో పెద్ద పాత్రే. ఆ గాజు పలకలు అనేకం ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో భద్రంగా ఉన్నాయి.

చౌకరకం కాంపాక్ట్‌లలో సెన్సార్ సుమారు 6.2 మిల్లీమీటర్ల పొడవు, 4.6 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. కందిపప్పు బద్దంత అన్నమాట. వైశాల్యం 28 చదరపు మిల్లీమీటర్లు. మేలురకం కాంపాక్ట్‌లలో వాడే "ఒక అంగుళం" సెన్సార్ 13.2 మిల్లీమీటర్ల పొడవు, 8.8 మిల్లీమీటర్ల వెడల్పుతో 116 చదరపు మిల్లీమీటర్లు. సాధారణ డీఎస్‌ఎల్‌ఆర్‌లోని ఏపీఎస్-సీ సెన్సార్ 330 నుంచి 370 చదరపు మిల్లీమీటర్లు. పాత ఫిల్ముతో సమానమైన ఫుల్‌ఫ్రేమ్ సెన్సార్ 36 మిల్లీమీటర్లు పొడవు, 24 మిల్లీమీటర్లు వెడల్పు, అంటే 864 చదరపు మిల్లీమీటర్లు. అంగుళం సెన్సార్‌లో ఏ కొలతా అంగుళం ఉండదన్నది ఇక్కడ గమనించదగ్గ విషయం. పూర్వపు టెలివిజన్ కెమెరాల్లోని గాజు గొట్టాల బయటి వ్యాసాన్ని బట్టి పెట్టిన పేరు అలాగే నిలిచిపోయింది. సెన్సార్ మూలనుంచి మూలకు కొలిచినా 16 మిల్లీమీటర్లే.

మెగాపిక్సెళ్ల సంఖ్య చూసి కొనడం నేటికీ మానని అలవాటు. ఏ4 పరిమాణంలో అంగుళానికి 300 చుక్కల చొప్పున ముద్రించాలన్నా 9 మెగాపిక్సెళ్లు సరిపోతాయి. నేడు అంతకు తక్కువ ఉన్న కెమెరా కొత్తగా దొరకడమే కష్టం. ఆ అంకెను పక్కన పెట్టవచ్చు.

అయితే పెద్ద గోడ ఉన్నంతమాత్రాన గది వెలిగిపోదు. కిటికీ కూడా పెద్దదై ఉండాలి.

కిటికీ లెక్క

లెన్స్‌పై ఎఫ్/3.5, ఎఫ్/5.6 అంటూ కనిపించే అంకెలు ఆ కిటికీ కొలతలే. లెన్స్ ఫోకల్ లెంగ్త్‌ను ఆ అంకెతో భాగిస్తే కాంతి ప్రవేశించే ద్వారం వ్యాసం వస్తుంది. ఈ చిన్న భాగహారం చేసి చూస్తే వాణిజ్య ప్రకటనలు చెప్పని నిజం ఒకటి బయటపడుతుంది.

డీఎస్‌ఎల్‌ఆర్‌తో పాటు పెట్టెలో వచ్చే కిట్ లెన్స్ సాధారణంగా 18-55 మిల్లీమీటర్లు, ఎఫ్/3.5-5.6. విశాల దృశ్యం తీసేటప్పుడు దాని ద్వారం 18ని 3.5తో భాగిస్తే 5.1 మిల్లీమీటర్లు. దగ్గరగా లాగినప్పుడు 55ని 5.6తో భాగిస్తే 9.8 మిల్లీమీటర్లు. ఇప్పుడు 2014లో వచ్చిన సోనీ ఆర్‌ఎక్స్100 మూడో తరం కాంపాక్ట్‌ను చూద్దాం. అంగుళం సెన్సార్, 8.8-25.7 మిల్లీమీటర్ల లెన్స్, ఎఫ్/1.8-2.8. అదే లెక్క వేస్తే 4.9 మిల్లీమీటర్లు, 9.2 మిల్లీమీటర్లు. దృశ్యపరిధిలో కొద్దిపాటి తేడా ఉన్నా, రెండు కెమెరాలూ ఒకే దృశ్యం నుంచి సేకరించే మొత్తం కాంతి దాదాపు సమానం. సెన్సార్ మూడు రెట్లు పెద్దదైనా, కిట్ లెన్స్ దానికి ఆ ప్రయోజనాన్ని అందనివ్వదు. చొక్కా జేబులో పట్టే కెమెరా చేసే పనికి మెడ నొప్పి పుట్టించే బరువు మోసినట్టవుతుంది.

చౌక కాంపాక్ట్‌ల విషయం వేరు. వాటిలో విశాల దృశ్యానికి ద్వారం ఒకటిన్నర మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. కిట్ లెన్స్‌తో ఉన్న డీఎస్‌ఎల్‌ఆర్ సైతం వాటికన్నా పది రెట్లు ఎక్కువ కాంతిని పట్టుకుంటుంది. దీపాల వెలుగులో అవి తీసే చిత్రాలు రంగు రంగుల మచ్చలతో, నీళ్లలో తడిసినట్టు కనిపించడానికి కారణం ఇదే. నేటి ఫోన్లు ఒకదాని వెంట ఒకటిగా అనేక చిత్రాలు తీసి, వాటిని కలిపి ఒక్కటిగా కూర్చి ఈ లోటును పూడ్చుకుంటున్నాయి. పాత కాంపాక్ట్‌లకు ఆ తెలివి లేదు.

డీఎస్‌ఎల్‌ఆర్ అసలు సత్తా దాని లెన్స్ మార్చినప్పుడు తెలుస్తుంది. 50 మిల్లీమీటర్ల ఎఫ్/1.8 ప్రైమ్ లెన్స్ కెనాన్, నికాన్ రెండింటిలోనూ అత్యంత చవకైన లెన్సుల్లో ఒకటి. జూమ్ ఉండదు. దాని ద్వారం 27.8 మిల్లీమీటర్లు. కిట్ లెన్స్ 55 మిల్లీమీటర్ల వద్ద ఇచ్చే ద్వారంతో పోలిస్తే వైశాల్యం ఎనిమిది రెట్లు. సాయంత్రం కల్యాణ మండపంలో తలంబ్రాలు పోసుకుంటున్న వేళ కిట్ లెన్స్‌తో సెకనులో 15వ వంతు సమయం పట్టే చిత్రాన్ని, ఈ లెన్స్‌తో సుమారు 125వ వంతులో తీయవచ్చు. 15వ వంతులో వధూవరుల చేతులు చెరిగిపోయి కనిపిస్తాయి. 125వ వంతులో ఆ చెరుపు చాలావరకు తగ్గుతుంది. నేపథ్యం మసకబారి ముఖం మాత్రమే తేటగా కనిపించే చిత్రాలూ ఈ వెడల్పు ద్వారం చలవే. ఫోన్లు అదే ప్రభావాన్ని లెక్కలతో అనుకరిస్తాయి కానీ జుట్టు అంచుల దగ్గర, కళ్లజోడు దగ్గర దొరికిపోతుంటాయి.

కాబట్టి దుకాణానికి వెళ్లేముందు తనను తాను వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే. రెండో లెన్స్ కొంటామా? కొనే ఉద్దేశం, స్తోమత ఉంటే డీఎస్‌ఎల్‌ఆర్‌కు అర్థముంది. కిట్ లెన్స్‌తోనే సరిపెట్టుకునే పనైతే, అంగుళం సెన్సార్ ఉన్న కాంపాక్ట్ ఏ విధంగానూ తీసిపోదు. పైగా వెంట ఉంటుంది.

పక్షులు, పురుగులు, గుడులు

చిన్న సెన్సార్ అన్ని చోట్లా లోపమే అనుకోవడం పొరపాటు. నేలపట్టులో గూడబాతులను, పులికాట్‌లో రాజహంసలను, భరత్‌పూర్‌లో కొంగలను తీయాలనుకునేవారికి కావలసింది దూరాన్ని దగ్గరచేసే శక్తి. సెన్సార్ చిన్నదైతే చిన్న లెన్స్‌తోనే ఆ శక్తి సమకూరుతుంది. 2018లో వచ్చిన నికాన్ కూల్‌పిక్స్ పీ1000లో జూమ్ ఏకంగా 125 రెట్లు. పాత ఫిల్ము కొలమానంలో 3000 మిల్లీమీటర్ల లెన్స్‌తో సమానం. డీఎస్‌ఎల్‌ఆర్‌కు 70-300 లెన్స్ తగిలించినా ఆ కొలమానంలో 450 దగ్గరే ఆగిపోతుంది. మంచి ఎండలో, కదలకుండా కూర్చున్న పక్షిని తీయడానికి అంత డబ్బుకు మరేదీ సాటిరాదు. పొద్దువాలిన తర్వాత, ఎగిరే పక్షి విషయంలో మాత్రం డీఎస్‌ఎల్‌ఆర్‌దే పైచేయి. పీ1000 బరువు 1,400 గ్రాములు దాటుతుంది కాబట్టి దాన్ని కాంపాక్ట్ అనడం ఎంతవరకు న్యాయమో పాఠకులే తేల్చుకోవచ్చు. లెన్స్ విడదీయడానికి వీల్లేదు కనుక లెక్కల్లో అది ఆ వర్గంలోకే వస్తుంది.

పైరును ఆశించిన పురుగును, ఆకు మీది మచ్చను ఫొటో తీసి వ్యవసాయ శాస్త్రవేత్తకు పంపే రైతుకు, పూలను దగ్గరగా తీసే వృక్షశాస్త్ర విద్యార్థికి కూడా కాంపాక్టే మేలు. చిన్న సెన్సార్‌లో ముందు నుంచి వెనక దాకా ఎక్కువ భాగం స్పష్టంగా వస్తుంది. డీఎస్‌ఎల్‌ఆర్‌తో పురుగు కన్ను తేటగా వస్తే కాళ్లు మసకగా మిగులుతాయి. దాన్ని సరిచేయాలంటే ప్రత్యేకమైన మాక్రో లెన్స్, ఫ్లాష్ కావాలి.

యాత్రల విషయానికొస్తే నియమాలు ముందే తెలుసుకోవడం మంచిది. తిరుమల ఆలయంలోకి కెమెరాలే కాదు, ఫోన్లూ అనుమతించరు. భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ ఆధ్వర్యంలోని కట్టడాల్లో ట్రైపాడ్ వాడాలంటే ముందస్తు అనుమతి తప్పనిసరి. అజంతా గుహల్లో ఫ్లాష్ నిషిద్ధం. ఇటువంటి చోట్ల చేతిలో పట్టుకుని, ఉన్న వెలుతురులోనే తీయాలి. వెడల్పు ద్వారం విలువ మళ్లీ అక్కడ తెలుస్తుంది.

డీఎస్‌ఎల్‌ఆర్‌కు పెద్దగా ప్రచారం లేని సుగుణాలు రెండున్నాయి. మిట్ట మధ్యాహ్నపు ఎండలో కాంపాక్ట్ తెర నల్లగా అద్దంలా మారి ఏమీ కనిపించదు. వ్యూఫైండర్‌లో కన్ను పెట్టి చూసేవారికి ఆ ఇబ్బంది లేదు. రెండోది బ్యాటరీ. తెరను వెలిగించే పని లేనందున నికాన్ డీ3500 ఒక్క చార్జితో 1,550 చిత్రాలు తీస్తుందని సీఐపీఏ ప్రమాణంలో తేలింది. కాంపాక్ట్‌లలో చాలావరకు రెండు, మూడు వందల దగ్గరే చేతులెత్తేస్తాయి. రెండు రోజుల పెళ్లికో, కరెంటు నిలకడలేని ఊరికో వెళ్లేవారికి ఇది చిన్న విషయం కాదు.

ముగిసిపోతున్న వరుస

ఇక డీఎస్‌ఎల్‌ఆర్ భవిష్యత్తు. అద్దాన్ని తొలగించి పెద్ద సెన్సార్‌ను, మార్చుకునే లెన్సులను నిలుపుకొన్నవే మిర్రర్‌లెస్ కెమెరాలు. 2018లో కెనాన్, నికాన్ రెండూ వాటి కోసం కొత్త లెన్స్ బిగింపులు ప్రవేశపెట్టాయి. 2020 ఆరంభంలో వచ్చిన ఈఓఎస్-1డీ ఎక్స్ మార్క్ 3యే తమ చివరి అగ్రశ్రేణి డీఎస్‌ఎల్‌ఆర్ అని కెనాన్ అధిపతి ఫుజియో మితరాయ్ 2021 చివర్లో వెల్లడించారు. కొత్త డబ్బు, కొత్త ఆలోచన అంతా ఇప్పుడు మిర్రర్‌లెస్ వైపే ప్రవహిస్తోంది. ఉన్న డీఎస్‌ఎల్‌ఆర్‌లు రాత్రికి రాత్రి పనికిరాకుండా పోవు. నికాన్ ఎఫ్ బిగింపు 1959 నాటిది, కెనాన్ ఈఎఫ్ బిగింపు 1987 నాటిది. దశాబ్దాల తరబడి తయారైన లెన్సులు పాత మార్కెట్‌లో రాశులుగా ఉన్నాయి. పరిమిత మొత్తంతో మంచి లెన్సులు వాడి చూడాలనుకునే విద్యార్థికి ఇంతకు మించిన అవకాశం గతంలో లేదనే చెప్పాలి.

అయితే ఒక మెలిక ఉంది. నికాన్ డీ3000, డీ5000 వరుసల కెమెరాల్లో ఫోకస్ తిప్పే మోటారు ఉండదు. చౌకగా దొరికిందని పాత ఏఎఫ్-డీ రకం 50 మిల్లీమీటర్ల లెన్స్ కొని తగిలిస్తే, చేత్తో తిప్పి ఫోకస్ చేసుకోవడం తప్ప మార్గం లేదు. ఏఎఫ్-ఎస్ అని రాసి ఉన్న లెన్సులో మోటారు దానిలోనే ఉంటుంది. డీ7000 వరుసలో మోటారు కెమెరాలోనే ఉన్నందున ఈ చిక్కు లేదు. కెనాన్ ఈఎఫ్ లెన్సులన్నింటిలో మోటారు మొదటి నుంచీ లెన్స్‌లోనే ఉంది.

పాత కెమెరా కొనేటప్పుడు షట్టర్ ఎన్నిసార్లు పనిచేసిందో అడగాలి. ప్రవేశశ్రేణి డీఎస్‌ఎల్‌ఆర్‌ల షట్టర్‌ను సుమారు లక్ష సార్లకు పరీక్షిస్తారు. పెళ్లిళ్ల సీజన్‌లో వాడిన కెమెరాకు లక్ష ఎంతో దూరంలో ఉండదు. నికాన్ తీసిన ఫొటో ఫైలులోనే ఆ లెక్క నమోదై ఉంటుంది. లెన్స్ వెనక నుంచి ఫోన్ టార్చి వేసి ముందు వైపు నుంచి చూస్తే, లోపల సాలెగూడులాంటి తెల్లని పోగులు కనిపించవచ్చు. అది బూజు. విశాఖపట్నం, చెన్నై, కొచ్చి వంటి తీర నగరాల్లో, ఏ ఊళ్లోనైనా వానాకాలంలో తోలు సంచీలో మూసి పెట్టిన లెన్స్‌కు అది తరచూ పడుతుంది. శుభ్రం చేయించే ఖర్చు లెన్స్ ధరకు దగ్గరగా వస్తుంది కాబట్టి అటువంటి దాన్ని వదిలేయడమే క్షేమం. కొన్న తర్వాత గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికాజెల్ పొట్లాలతో కలిపి భద్రపరచాలి. కాంపాక్ట్‌లకూ బూజు పడుతుంది, దుమ్మూ చేరుతుంది. లెన్స్ విడదీయడానికి వీల్లేనందున దాన్ని తొలగించడం మరింత కష్టం.

కొత్తది కొనేవారు జీఎస్టీతో కూడిన బిల్లు తీసుకోవడం మరవకూడదు. డిజిటల్ కెమెరాలపై 28 శాతంగా ఉన్న ఈ పన్ను 2019 జనవరి నుంచి 18 శాతానికి తగ్గింది. విదేశాల నుంచి అనధికారికంగా తెచ్చి, బిల్లు లేకుండా అమ్మే కెమెరా ధర ఊరించేలా ఉంటుంది కానీ, మరమ్మతు వచ్చినప్పుడు దేశంలోని అధీకృత సేవా కేంద్రంలో దానికి వారంటీ వర్తిస్తుందన్న భరోసా ఉండదు.

చివరగా ఒక పరీక్ష. దుకాణానికి వెళ్లేటప్పుడు సొంత మెమరీ కార్డు వెంట తీసుకెళ్లాలి. అక్కడ ప్రదర్శనకు ఉంచిన కాంపాక్ట్‌లో, డీఎస్‌ఎల్‌ఆర్‌లో అదే కార్డు పెట్టి, మిలమిలలాడే దీపాల కింద కాకుండా దుకాణంలో వెలుతురు తక్కువగా ఉన్న మూలన నిలబడిన మనిషిని రెండింటితోనూ తీయాలి. డీఎస్‌ఎల్‌ఆర్‌తో ఒకటి కిట్ లెన్స్ పెట్టి, మరొకటి 50 మిల్లీమీటర్ల లెన్స్ అడిగి తగిలించి తీయాలి. ఇంటికొచ్చి కంప్యూటర్ తెరపై మూడింటినీ పక్కపక్కన పూర్తి పరిమాణంలో తెరిచి, కనుబొమల వెంట్రుకల దగ్గర చూడాలి. ఆ పరీక్షకు ఒప్పుకోని దుకాణంలో కొనకపోయినా నష్టం లేదు.